ఆదివారం ఉదయం ఎనిమిది నుంచి రెండు వరకు మా వేళను మాకు వదిలిపెట్టండి: గ్వాదలహారాలోని సాఫ్ట్‌వేర్ సంస్థలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంస్థల యాజమాన్యాలకు, ప్రాజెక్టు మేనేజర్లకు, హెచ్‌ఆర్ విభాగాల అధికారులకు నమస్కారం.

మెక్సికోలోని హలిస్కో రాష్ట్ర రాజధాని గ్వాదలహారాలో మీ ప్రాజెక్టుల మీద పనిచేస్తున్న తెలుగు ఉద్యోగులలో కొందరి తరఫున ఈ లేఖ రాస్తున్నాను. ఆదివారం ఉదయపు రోస్టర్ (ఎవరు ఎప్పుడు పనిచేయాలన్న పట్టిక) గురించి మేము మేనేజర్లకు నోటితో చెప్పాము, మెయిళ్లు రాశాము, ఉద్యోగుల సమావేశంలో లేచి అడిగాము. చూద్దామన్న మాట తప్ప మరో జవాబు రాలేదు. ఏ సంస్థ పేరూ, ఏ అధికారి పేరూ ఇక్కడ రాయడం లేదు. ఒకరిని నిందించడం మా ఉద్దేశం కాదు; పైగా ఇదే పద్ధతి ఒకటికి మించిన సంస్థల్లో నడుస్తోందని మిత్రుల మాటల వల్ల మాకు తెలుసు.

విషయం ఇది. అమెరికా క్లయింట్ల వ్యవస్థల్లో మార్పులను వాటి వాడకం తక్కువగా ఉండే శనివారం రాత్రి చేస్తారు. ఆ రిలీజ్ ఎలా జరిగిందో, ఏమి మిగిలిందో హైదరాబాదు బృందానికి అప్పగించే హ్యాండోవర్ కాల్‌ను మాకు ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు పెడుతున్నారు. అప్పుడు హైదరాబాదులో సాయంత్రం ఏడున్నర. రోస్టర్‌లో ఆ కాల్ అరగంట అని ఉంటుంది కాని, దాని వెనకే పరిశీలన, దాని వెనకే మరో కాల్, ఆపైన ‘ఏదైనా వస్తే అందుబాటులో ఉండండి’ అన్న ఆదేశం వచ్చి మధ్యాహ్నం వరకు ల్యాప్‌టాప్ ముందు నుంచి లేవనివ్వవు. రాత్రి రిలీజ్‌లో పని లేనివారు కూడా అందులో చేరాలి. మేము అడుగుతున్నది పని తగ్గించమని కాదు. ఆ పని ఆదివారం ఉదయం ఎనిమిదికీ రెండింటికీ మధ్యనే, అందరి చేతా ఎందుకు చేయించాలన్నదే మా ప్రశ్న.

ఆ ఆరు గంటలకు ఈ నగరంలో ఎంత విలువ ఉందో మీలో చాలామందికి తెలియకపోవచ్చునన్న అనుమానంతో కొంచెం వివరంగా రాస్తున్నాను. 2004 సెప్టెంబరు 12న గ్వాదలహారాలో వియా రెక్రెయాక్తీవా మొదలైంది. 1974 నుంచి కొలంబియా రాజధాని బొగోతాలో ఆదివారాలు రోడ్లను సైకిళ్లకు విడిచిపెడుతున్న పద్ధతిని చూసి, ఇక్కడి పౌరులూ మున్సిపాలిటీ కలిసి తెచ్చుకున్న కార్యక్రమం అది. మొదట సుమారు 11 కిలోమీటర్ల దారితో మొదలై, తర్వాత పొరుగు మున్సిపాలిటీలైన సపోపన్, త్లకెపాకె, తొనలాలకు కూడా పాకింది. ప్రతి ఆదివారం ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండు వరకు ఆ దారుల మీద మోటారు వాహనం నడవదు. సైకిలు తొక్కేవారు, నడిచేవారు, పరుగెత్తేవారు, స్కేట్ల మీద పిల్లలు, చక్రాల కుర్చీలో తాతగారిని తోసుకువెళ్లే కుటుంబాలు, కుక్కలను తీసుకొచ్చినవారు, అందరూ ఒకే తారురోడ్డు మీద ఉంటారు. అడ్డదారులు కలిసే కూడళ్ల వద్ద సిబ్బంది నిలబడి కార్లను ఆపి దాటిస్తారు. సొంత సైకిలు లేనివారు గుర్తింపు కార్డు చూపించి ఉచితంగా సైకిలు తీసుకునే కేంద్రాలు దారి పొడవునా ఉన్నాయి. టికెట్ లేదు, సభ్యత్వం లేదు, పేరు నమోదు లేదు.

దాని ప్రధాన దారి ఒక్కటి తొక్కితే చాలు, 1542 ఫిబ్రవరి 14న ఈ స్థలంలో స్థిరపడిన ఈ నగరం ఎలా పెరిగిందో కళ్లకు కడుతుంది. పడమట లోస్ ఆర్కోస్ జంట తోరణాలు, వాటి దగ్గరే మినెర్వా విగ్రహం ఉన్న ఫౌంటెన్. అక్కడి నుంచి వయార్తా అవెన్యూ మీదుగా, పాత సంపన్నుల బంగళాల మధ్య, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఊదారంగు పూలు రాల్చే హకరాందా చెట్ల కింద తూర్పుకు వస్తే విశ్వవిద్యాలయపు పాత భవనం ఎదురవుతుంది. దాని లోపలి సభామందిరంలో మెక్సికో చిత్రకారుడు హోసె క్లెమెంతె ఒరోస్కో గీసిన కుడ్యచిత్రాలు ఉన్నాయి. ఆ తర్వాత రోడ్డు పేరు హువారెస్ అవుతుంది. ప్రఖ్యాత వాస్తుశిల్పి లూయిస్ బరగాన్ యువకుడిగా ఉన్నప్పుడు సోదరుడితో కలిసి రూపొందించిన పార్కు ఈ దారిలోనే ఉంది. జనం దాన్ని ఎర్ర పార్కు అని పిలుస్తారు. అది దాటాక పాత నగరం, ఆ తర్వాత కల్సాదా ఇందెపెందెన్సియా.

ఈ కల్సాదా దగ్గర కొంచెం ఆగాలి. ఒకప్పుడు అక్కడ సాన్ హువాన్ దె దియోస్ నది పారేది. నదిని భూగర్భ కాలువలోకి మళ్లించి పైన రోడ్డు వేశారు. నది కనబడకుండా పోయినా అది గీసిన గీత మాత్రం పోలేదు. కల్సాదాకు పడమట ఉన్నవారు, తూర్పున ఉన్నవారు అన్న తేడా ఈ నగరంలో తరతరాలుగా ఉంది: పడమట కార్యాలయాలు, మాల్‌లు, మన గేటెడ్ ఇళ్లు, తూర్పున కూలి పనులకు, దుకాణాలకు, వర్క్‌షాపులకు వెళ్లే శ్రామిక కుటుంబాల పేటలు. వియా రెక్రెయాక్తీవాను నిలబెట్టినవారు మొదటి రోజే తీసుకున్న గొప్ప నిర్ణయం ఏమిటంటే, దారిని సంపన్నుల పేటల్లోనే తిప్పి ముగించకుండా కల్సాదాను దాటించి హవియెర్ మీనా అవెన్యూ మీదుగా తూర్పుకు తీసుకువెళ్లడం. ఆ దాటే చోటనే సాన్ హువాన్ దె దియోస్ పెద్ద బజారు ఉంది. సైకిలు అక్కడ నిలిపి కాస్త నడిస్తే 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన ఓస్పీసియో కబాన్యాస్ వస్తుంది. అనాథలకూ వృద్ధులకూ ఆశ్రయంగా కట్టిన ఆ భవనపు గుమ్మటంలో 1930ల చివర ఒరోస్కో గీసిన, మంటల్లో పైకి సాగే మనిషి చిత్రాన్ని తలెత్తి చూసినవారు మరిచిపోలేరు. రోడ్డు మూసివేయడం వల్ల జనం ఇబ్బంది పడతారనేవారికి ఒక మాట: ఇదే హువారెస్, హవియెర్ మీనా రోడ్ల కింద 1994 నుంచి లైట్ రైలు రెండో మార్గం నడుస్తోంది, ఆదివారం కూడా.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, ఇక్కడికి బదిలీ మీద వచ్చిన మాలో చాలామందికి గ్వాదలహారా అంటే సపోపన్‌లోని అపార్టుమెంటు, కంపెనీ వ్యాను, ఆఫీసు, సూపర్‌మార్కెట్టు, శనివారం రాత్రి మరో తెలుగువారి ఇంట్లో భోజనం, ఇంతే. ఏళ్లు గడిపి తిరిగి వెళ్లేటప్పుడు కూడా కల్సాదా దాటనివారు ఉన్నారు. ఈ నగరం ఏ రుసుమూ లేకుండా, ఏ భాషా పరీక్షా పెట్టకుండా మాలాంటి బయటివారిని లోపలికి రమ్మనే వేళ వారంలో ఒక్కటే ఉంది. ఆ వేళనే మీరు మా దగ్గర తీసుకుంటున్నారు. దానివల్ల జరుగుతున్న నష్టాలు ఇవి.

1. అందరికన్నా ఎక్కువగా నష్టపోతున్నది మా మీద ఆధారపడి వచ్చిన జీవిత భాగస్వాములు, వారిలో అత్యధికులు మహిళలు. ఇంజనీరింగు, ఎమ్‌సీఏ, బీఈడీ చదివి ఇండియాలో ఉద్యోగాలు చేసినవారు, ఇక్కడ పని అనుమతి లేక, స్పానిష్ రాక, కారు నడపక, రోజంతా నాలుగు గోడల మధ్య ఉంటున్నారు. వారిలో ఎందరో హైస్కూలుకు, జూనియర్ కాలేజీకి ఊరి నుంచి సైకిలు తొక్కుకుంటూ వెళ్లినవారు; ఇరవై ఏళ్లు వచ్చాక ఆ సైకిలు ఎక్కడ పోయిందో వారికే గుర్తు లేదు. ఇక్కడి ఆదివారం రోడ్డు మీద యాభై ఏళ్ల తల్లులు, అరవై ఏళ్ల అమ్మమ్మలు నిశ్చింతగా తొక్కడం చూసి, మళ్లీ హ్యాండిల్ పట్టుకున్నవారు మా పరిచయస్తుల్లో ఉన్నారు. ఆ సంతోషం మొహంలో ఎంత స్పష్టంగా కనిపిస్తుందో మాటల్లో చెప్పలేను. కాని కొత్త దేశంలో, భాష రాని చోట, చంటిపిల్లలతో ఒంటరిగా బయలుదేరమంటే ఎవరికైనా జంకు ఉంటుంది. భర్త హెడ్‌ఫోన్ పెట్టుకుని కాల్‌లో కూర్చుంటే ఆమె ప్రయాణం కూడా ఆగిపోతుంది. మీ రోస్టర్‌లో మీకు కనబడేది ఒక ఉద్యోగి పేరు. ఆ గడిలో నిజానికి ఒక కుటుంబం మొత్తం ఉంటుంది.

2. పిల్లలు. అపార్టుమెంటు పార్కింగులో గుండ్రంగా తిరగడం తప్ప పిల్లవాడికి సైకిలు నేర్చుకునే చోటు ఈ నగరంలో మామూలు రోజుల్లో లేదు. ఆదివారం దారిలో నేర్చుకుంటే, పక్కన తొక్కే పిల్లలతో రెండు మాటలు స్పానిష్ కూడా వస్తుంది. బడిలో ఒంటరిగా కూర్చునే బిడ్డకు అది చిన్న విషయం కాదు.

3. ఆరోగ్యం. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దక్షిణాసియా వారికి మధుమేహం చిన్న వయసులోనే, అంత బరువు లేకపోయినా వస్తుందన్నది వైద్యులందరూ అంగీకరించే విషయం. రాత్రి రిలీజ్‌లు, కుర్చీ, వేళకాని వేళ భోజనం, వీటి మధ్య మాలో ముప్పైల్లోనే రక్తంలో చక్కెర, రక్తపోటు మందులు మొదలుపెట్టినవారు ఉన్నారు. ఆదివారం ఒక్క ఉదయం రెండున్నర గంటలు తొక్కితే వారానికి కావలసిన వ్యాయామం పూర్తవుతుంది. వానాకాలమైన జూన్ నుంచి అక్టోబరు వరకు కూడా ఇక్కడ వాన ఎక్కువగా సాయంత్రాలే వస్తుంది, ఉదయం దారి పొడిగానే ఉంటుంది. సుమారు 1,560 మీటర్ల ఎత్తున ఉన్న ఈ నగరంలో ఏడాది పొడవునా ఉదయాలు చల్లగా ఉంటాయి. మీ ఆరోగ్య వారోత్సవాలలో మాకు పంపే పోస్టర్ల కన్నా ఇది మేలు చేస్తుంది.

4. నగరంతో పరిచయం. కొత్తగా వచ్చినవారికి మీరు ఇచ్చే భద్రతా సూచనల్లో పాత నగరానికి, తూర్పు పేటలకు వెళ్లవద్దని ఉంటుంది. హలిస్కోలో నేరాల సమస్య నిజమే, దాన్ని మేము తేలిక చేయడం లేదు. చపుల్తెపెక్ అవెన్యూ దక్షిణపు చివర ఉన్న నీన్యోస్ ఈరోయెస్ కూడలిలో, కనబడకుండా పోయిన తమవారి ఫొటోలను కుటుంబాలు అంటించిన తీరు చూస్తే ఎవరి గుండె అయినా బరువెక్కుతుంది. జాగ్రత్తలు చెప్పడం మీ బాధ్యత, వాటిని పాటించడం మాది. అయితే ‘వెళ్లవద్దు’ అన్న ఒక్క మాటతో ముగిసే సూచన, సగం నగరం పట్ల మాలో భయాన్నే మిగిలిస్తోంది. వేలాది కుటుంబాలు పట్టపగలు పిల్లలతో తిరిగే దారి ఒకటి ఉందని, ఏ వేళకు ఎక్కడ ఎక్కవచ్చో ఒక్క వాక్యం కూడా ఆ సూచనల్లో లేదు. దారి పక్కన మామిడికాయ, జీకామా దుంప, దోసకాయ ముక్కల మీద ఉప్పు, కారం, నిమ్మరసం చల్లి అమ్మేవారి దగ్గర నిలబడి తిన్న తెలుగువారికి ఈ దేశం పరాయిదన్న భావన ఎంత తొందరగా తగ్గుతుందో నేను చూశాను. గుంటూరు కారానికి పుట్టిల్లు ఈ మెక్సికో నేలే కదా.

5. పనిలో నష్టం. విశ్రాంతి లేని మనిషి సోమవారం చేసే తప్పులు మీకే తెలుసు. స్థానిక మెక్సికన్ సహోద్యోగులు ఆదివారం కాల్‌లకు వెనకాడితే అది మాకు అప్పజెబుతున్నారు. కుటుంబంతో గడపవలసిన రోజని వారు చెబితే అర్థం చేసుకునేవారు, మేము చెబితే వీసా గుర్తుచేసినట్లు మాట్లాడటం సరికాదు.

చట్టం ఏమంటోందో మీకు తెలియనిది కాదు, అయినా ఇక్కడ రాయక తప్పదు. ఆరు రోజుల పనికి పూర్తి వేతనంతో ఒక విశ్రాంతి దినం ఇవ్వాలని, అది ఆదివారమే అయ్యేలా ప్రయత్నించాలని మెక్సికో సమాఖ్య కార్మిక చట్టం చెబుతోంది. ఆదివారం పనిచేయించుకుంటే రోజు వేతనం మీద కనీసం 25 శాతం అదనం చెల్లించాలి. విశ్రాంతి దినాన పనిచేయిస్తే మామూలు వేతనం కాక రెట్టింపు వేతనం ఇవ్వాలి. ఇంటి నుంచి పనిచేసేవారికి పనివేళ ముగిశాక కంప్యూటరు మూసివేసే హక్కు ఉందని 2021లో వచ్చిన సవరణ స్పష్టంగా చెప్పింది. పని వల్ల కుటుంబ జీవితం దెబ్బతినడాన్ని కూడా ఉద్యోగికి పొంచి ఉన్న ప్రమాదంగా గుర్తించి, దాన్ని పరిశీలించవలసిన బాధ్యతను మెక్సికో కార్మిక శాఖ 035వ అధికారిక ప్రమాణం యాజమాన్యాల మీదనే పెట్టింది. మెక్సికో జీతపత్రం మీద ఉన్న మాకు ఇవన్నీ వర్తిస్తాయి. ఆదివారపు కాల్‌లను పనిగంటలుగా రాయవద్దని, ‘చిన్న కాల్’గానే ఉంచమని చెప్పడం ఈ చట్టం ముందు నిలవదు. మాకు డబ్బు మీద ఆశ లేదు. ఆ గంటలు మాకు తిరిగి వస్తే చాలు. కాని గంటలూ ఇవ్వకుండా, డబ్బూ ఇవ్వకుండా సాగడం మాత్రం కుదరదు.

కాల్‌ను మధ్యాహ్నం మూడు గంటలకు జరపమని కొందరు సూచించారు. మేము దానికి ఒప్పుకోము, ఎందుకంటే అప్పుడు హైదరాబాదులో తెల్లవారుజామున రెండున్నర అవుతుంది. మా సైకిలు కోసం అక్కడి మిత్రుల నిద్ర చెడగొట్టమని అడిగేంత స్వార్థం మాకు లేదు. అందుకే బాగా ఆలోచించి, ఆచరణకు వీలయ్యేవే కోరుతున్నాము.

మొదటిది, హ్యాండోవర్‌ను రాతలో ఇవ్వడం. శనివారం రాత్రి రిలీజ్ ముగించినవారే ఏమి మారింది, ఏమి ఆగింది, ఎవరిని అడగాలి అన్నది ఒక పేజీలో రాసి పెడితే, హైదరాబాదు బృందం తమ ఆదివారం పగలే అది చదువుకోగలదు. నోటితో చెప్పవలసింది నిజంగా ఉంటే ఉదయం ఏడు గంటలకు ఇరవై నిమిషాల కాల్ పెట్టండి. హైదరాబాదులో అది సాయంత్రం ఆరున్నర. ఆ కాల్‌లో రిలీజ్ చేసిన ఒక్కరు, ఆన్‌కాల్‌లో (అవసరమైతే పిలిస్తే పలికే వంతులో) ఉన్న ఒక్కరు ఉంటే సరిపోతుంది. ఎనిమిది నుంచి రెండు వరకు అత్యవసరం తప్ప ఎవరికీ కాల్ పెట్టకూడదు, ఏది అత్యవసరమో ముందే రాసి ఉంచాలి.

రెండోది, ఆదివారం ఆన్‌కాల్‌ను వంతుల వారీగా అందరికీ, స్థానికులకూ బయటినుంచి వచ్చినవారికీ సమానంగా పంచి, నెల ముందే ప్రకటించండి. వంతు వచ్చినవారికి ఆ వారంలోనే కాంప్ ఆఫ్ (బదులు సెలవు) ఇచ్చి, చట్టం చెప్పిన అదనపు వేతనాన్ని జీతపత్రంలో చూపించండి.

మూడోది కొత్తవారి గురించి. నగర పరిచయ సమావేశంలో వియా రెక్రెయాక్తీవా దారి పటం, వేళలు, ఉచిత సైకిళ్ల కేంద్రాల వివరాలు స్పానిష్‌తో పాటు తెలుగులోనూ ఇవ్వండి. ఆ పటం తెలుగులో రాసే పని మేమే ఉచితంగా చేస్తాము. జీవిత భాగస్వాములకు స్పానిష్ తరగతులు పెట్టండి. నెలకు ఒక్క ఆదివారం ఉదయం, ఇప్పటికే నడుస్తున్న కంపెనీ వ్యానునే మా నివాసాల నుంచి వయార్తా అవెన్యూ వరకు పంపితే, కారు లేని కుటుంబాలు కూడా రాగలవు. హెల్మెట్లు కొని ఉంచితే ఖర్చు ఎంత? ఒక్క టీమ్ లంచ్ బిల్లుకు మించదు.

ఈ సందర్భంలో నగరంలోని తోటి తెలుగువారికి కూడా ఒక విన్నపం. ఆదివారం ఉదయం రోడ్లు మూసివేస్తున్నారని, క్యాబ్ చుట్టూ తిరిగి రావలసి వస్తోందని మన వాట్సాప్ గ్రూపుల్లో రాసేవారు ఉన్నారు. ఆరోజు దారి ఎవరి కోసం మూశారో ఒక్కసారి వచ్చి చూడండి. మన పూజలు, పుట్టినరోజులు, క్రికెట్ మ్యాచ్‌లు మధ్యాహ్నం మూడు తర్వాత పెట్టుకుంటే రెండూ దక్కుతాయి. యాజమాన్యాలను అడిగే హక్కు మనకు బలంగా ఉండాలంటే, ఆ వేళ మనమూ ఆ దారి మీద కనబడాలి.

అధికారులకు తిరిగి చెప్పేది ఒక్కటే. పై కోరికల మీద మాట్లాడేందుకు ఉద్యోగుల ప్రతినిధులతో ఈ నెలలోనే ఒక సమావేశం ఏర్పాటు చేయండి, పని దినాన, పనివేళల్లో. రాతపూర్వకమైన జవాబు ఇవ్వండి. ఏదైనా కోరిక కుదరదనుకుంటే ఎందుకు కుదరదో కారణం రాయండి, దానికి మార్గం మేము వెతుకుతాము. నెలాఖరుకు జవాబు రాకపోతే, ఆదివారపు గంటల లెక్కలతో రాష్ట్ర కార్మిక శాఖ తనిఖీ అధికారులకు ఫిర్యాదు చేయడం తప్ప మాకు మరో దారి ఉండదు. ఆ అవసరం రాకుండా చూడవలసిందిగా కోరుతున్నాము.

ఇట్లు,
గ్వాదలహారాలో పనిచేస్తున్న తెలుగు ఉద్యోగుల, వారి కుటుంబాల తరఫున
ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి